చెదిరిన వాడకు ఒక థెరపిస్టు: జీతం ఎవరివ్వాలి?

మేడిపల్లి మండలం ఉన్నది జగిత్యాల జిల్లాలో, ఓటేసేది వేములవాడ నియోజకవర్గంలో. దళితవాడల మనుషులు ఈ రెండు లెక్కలకూ అందరు. కొందరు దుబాయి, సౌదీ, మస్కట్‌లలో, కొందరు ముంబైలో, హైదరాబాద్‌లో కూలికి, పిల్లలు హాస్టళ్లలో. ఇంటి దగ్గర ముసలివాళ్లు, అప్పులోళ్లకు జవాబు చెప్పే ఆడవాళ్లు. వీళ్లందరికీ కలిపి ఒక థెరపిస్టును జీతం మీద పెట్టుకోవచ్చు.

ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది కదా అంటారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ 24 గంటలూ తెలుగులో దొరుకుతుంది. ఆపదలో దానికే ఫోన్ చేయాలి. కానీ వారం వారం అదే మనిషితో మాట్లాడే పని వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

దొరికిన చోట కులం అడ్డొస్తుంది. సూపర్‌వైజర్ కులం పేరుతో తిట్టాడని చెబితే ‘పట్టించుకోకు’ అనే కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి ఎవరు పోతారు? దివ్య కందుకూరి ప్రారంభించిన ‘ద బ్లూ డాన్’ బహుజనులను కులం తెలిసిన థెరపిస్టులతో కలిపే పని చేసింది. మనం నేర్చుకోవాల్సిన నమూనా అది.

పని వేళలు గల్ఫ్‌ను బట్టి పెట్టాలి. సౌదీ, ఖతర్, కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. డ్యూటీ దిగి వండుకు తిని రాత్రి తొమ్మిదికి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ పదకొండున్నర. అందుకే శుక్రవారం థెరపిస్టుకు పని దినం కావాలి, సెలవు ఇంకో రోజు ఇవ్వాలి. దుబాయిలో వాట్సాప్ కాల్ పోదు, బోటిమ్ వాడాలి. గదిలో మరో ఐదారుగురు ఉంటారు కాబట్టి డాబా మీదికి పోయి మాట్లాడే వీలుందా అని ముందే అడగాలి.

డబ్బు సంగతి. సెషన్‌కు ఇంత అని ఇస్తే జేబులో ఉన్నవాళ్లే మిగులుతారు, రాత్రి కాల్‌కు ఎవరూ దొరకరు. నెల జీతమే మేలని మా అభిప్రాయం. ఉదాహరణకు జీతం, ఫోన్, సీనియర్ పర్యవేక్షణ కలిపి నెలకు 48 వేలు అనుకుందాం. 240 కుటుంబాలు 200 చొప్పున వేస్తే సరిపోతుంది. లేనివాళ్ల వంతు ఉన్నవాళ్లు వేయాలి. ఏడుగురు కలిసి 2001 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్న గల్ఫ్ కార్మికుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపితే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ వర్తిస్తుంది, అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

చందాలతో సరిపెట్టి ప్రభుత్వాన్ని వదిలేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఈ సేవను హక్కు చేసింది, కుల వివక్ష లేకుండా అందాలని రాసింది. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కూడా అదే ఏడాదిది. ఖర్చు కాని డబ్బు మరుసటి ఏడాదికి బదిలీ కావాలని అది చెబుతుంది. ఆ నిధి నుంచి ఈ జీతం ఇవ్వాలని కలెక్టర్‌కు రాతపూర్వకంగా అడగాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామన్న రాష్ట్రం, బతికున్నప్పుడు మాట్లాడే మనిషికి జీతం ఇవ్వలేనని ఎట్లా అంటుంది?

వాడలో గుట్టు దాగదు, అది అందరికీ తెలిసిందే. ఎవరు వచ్చారో సంఘం అధ్యక్షుడికి కూడా తెలియకూడదు, కోశాధికారికి సెషన్ల సంఖ్య చాలు. థెరపిస్టు ఊరివాళ్ల చుట్టం కాకపోతే మంచిది. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారి ఆర్‌సీఐ నమోదు చూడాలి. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి.

ఆరు నెలల జీతం చేతిలో పడ్డాకే మొదటి కాల్ పెట్టుకోండి. సగంలో డబ్బు ఆగితే, మనసు విప్పడం మొదలుపెట్టిన మనిషే నష్టపోతాడు.