కాయ, పండు, ఊరగాయ: తెలుగు వంటలో ఫలపాకం – చారిత్రక పరిశీలన

యాపిల్, చెర్రీ వంటి పండ్లను పిండిలో పొదిగి కాల్చే పద్ధతి ఐరోపా వంటలో ప్రసిద్ధం. దానితో పోల్చి, తెలుగువారికి పండును తినడమే గాని వండడం అలవాటు లేదని భావించడం కద్దు. తెలుగు పదజాలమే ఈ అభిప్రాయాన్ని నిలవనీయదు.

తెలుగులో ఒకే ఫలానికి దశను బట్టి పేర్లు మారతాయి. లేతది పిందె, ముదిరినది కాయ, పక్వమైనది పండు. మామిడికాయ పప్పులోకి, అరటికాయ వేపుడులోకి, పనసకాయ పొట్టు ఆవపెట్టిన కూరలోకి చేరుతాయి. మామిడిపండు, అరటిపండు, పనసతొనలు విస్తరిలోకి ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. అయితే ఈ విభజనకు పక్వత ఒక్కటే ప్రమాణం కాదు. చింతపండు, వెలగపండు పండ్లే అయినా మొదటిది పులుసుకు, రెండవది పచ్చడికి ఆధారం. తీపి ఏర్పడని కాయ, పులుపు వీడని పండు వంటకు తగినవన్నది ఇక్కడి సూత్రం.

ఈ వివేచన ప్రాచీనమైనదనడానికి ఆముక్తమాల్యద సాక్ష్యమిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. వేసవి విందులో పలుచని అంబలి, చెరకురసం, ఫలాలు ఉన్నాయి. వాటితోపాటు వడపిందెలు వేరుగా పేర్కొనబడ్డాయి. చలికాలపు విందులో మిరియపు పొడి, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, ఊరుగాయలు కనిపిస్తాయి. ఈ విందుల్లో ఘాటుకు మిరియం, ఆవ ఉన్నాయి గాని మిరప లేదు. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి రాక తరువాత భారతదేశంలో వ్యాపించింది. కనుక మిరపకారం కలిసిన నేటి ఆవకాయ రూపం తరువాతిదే. అయినా దాని పేరులో నిలిచినవి ఆవ, కాయ మాత్రమే. పేరు ఒక్కటే కాలనిర్ణయానికి చాలదు. కావ్యసాక్ష్యంతో కలిపి చూసినప్పుడు, ఊరవేత ముందే స్థిరపడిందని, మిరప ఆ పద్ధతిలోకి వచ్చి చేరిందని విశదమవుతుంది.

తీపి పండ్లను నిలవ చేయడానికి గోదావరి సీమ నిప్పు కంటె ఎండనే ఎక్కువగా ఆశ్రయించింది. ఆత్రేయపురంలో మామిడిరసానికి తీపి చేర్చి చాపలపై పలుచగా పరచి, ఆరిన పొరపై మరో పొర పోస్తూ తాండ్ర తయారుచేస్తారు. హైదరాబాదు విందుల్లోని ఖుబానీ కా మీఠా ఇందుకు భిన్నం. ఎండిన ఆప్రికాట్లను నానబెట్టి, గింజలు తీసి, పంచదారతో ఉడికించి మీగడతో వడ్డిస్తారు. ఆప్రికాట్ చలిప్రదేశపు ఫలం. ఎండిన రూపంలోనే దక్కనుకు చేరింది. తీపి పండును పొయ్యి మీద ఉడికించే ఈ పద్ధతి దక్కనీ పాకశాల తెలుగు నేలకు అందించిన చేర్పు.

కావున తెలుగులో ఫలపాకం లేకపోలేదు. అది ‘పండు’ అనే మాట కింద గాక ‘కాయ’ అనే మాట కింద నమోదైంది. కాయను పండని ఫలంగా మాత్రమే నిర్వచించే నిఘంటువు ఆ చరిత్రను విడిచిపెట్టినట్లవుతుంది. పప్పు, పచ్చడి, ఊరగాయలలో కాయకు గల ప్రయోగాలను కూడా ఆరోపాలతో చేర్చినప్పుడే నిర్వచనం సమగ్రమవుతుంది.