ఎఫ్2 మీట (స్ప్రెడ్‌షీటు)

ఎఫ్2 అనునది కంప్యూటరు కీబోర్డు పైవరుసలోని ఫంక్షన్ మీటలలో రెండవది. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ వంటి స్ప్రెడ్‌షీటులలో, గడిలో ఇదివరకే ఉన్న సూత్రాన్ని (ఫార్ములా) చెరిపివేయకుండా సవరించుటకు దీనిని వాడతారు. బాణపు మీటలు ఏ పని చేయాలో నిర్ణయించేది కూడా ఇదే. లెక్కలు తప్పుటకు దారితీసేది ఈ రెండవ పనిని ఎరుగకపోవడమే.

స్థితులు

ఎక్సెల్ తెర అడుగున ఎడమ మూలలో రెడీ, ఎంటర్, ఎడిట్, పాయింట్ అను మాటలలో ఒకటి కనిపిస్తుంది. ఖాళీ గడిలో టైపు చేయడం మొదలుపెడితే అది ఎంటర్ స్థితి. ఇందులో సూత్రం వ్రాస్తూ కూడిక, తీసివేత వంటి గుర్తు తరువాత బాణపు మీట నొక్కితే కర్సరు వెనుకకు జరగదు. పక్క గడి పేరు సూత్రంలో వచ్చి చేరుతుంది. ఇది పాయింట్ స్థితి. ఎఫ్2 నొక్కి ఎడిట్ స్థితికి మారితే కర్సరు సూత్రంలోని అక్షరాల మధ్యనే కదులుతుంది. మరల నొక్కితే ఎంటర్ స్థితి వస్తుంది.

ఉదాహరణ

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతం పసుపు సాగుకు ప్రసిద్ధి. ఇక్కడి రైతులు పంటను నిజామాబాదు మార్కెట్ యార్డులోను, కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీలోను అమ్ముతారు. అటువంటి అమ్మకపు తక్‌పట్టీని స్ప్రెడ్‌షీటులో వేస్తున్నారని అనుకుందాం. ఏ5 గడిలో 12 బస్తాలు, బి5లో బరువు 6.40 క్వింటాళ్ళు, సి5లో క్వింటాలు ధర 12,500 రూపాయలు, జి1లో బస్తాకు హమాలీ 30 రూపాయలు ఉన్నాయి (అంకెలు ఉదాహరణకు మాత్రమే). డి5లో ఉండవలసిన సూత్రం =బి5*సి5-ఏ5*జి1. ఫలితం 79,640 రూపాయలు.

గుమాస్తా =బి5*సి5- వరకు టైపు చేసి, వెనుక ఏదో దిద్దుదామని ఎడమ బాణాన్ని ఒకసారి నొక్కి, అంతలో ఎవరో పిలువగా ఎంటర్ మీట నొక్కాడనుకుందాం. సూత్రం =బి5*సి5-సి5 అవుతుంది, రైతుకు 67,500 రూపాయలే చూపుతుంది. రెండుసార్లు నొక్కితే చివర బి5 చేరి 79,993.60 వస్తుంది. రూపాయలలోనుండి క్వింటాళ్ళను తీసివేయడం అర్థంలేని లెక్క. అయినను సూత్రపు నిర్మాణం సక్రమంగానే ఉన్నందున ప్రోగ్రాము హెచ్చరించదు. మొదటి తప్పును రైతు వెంటనే పట్టుకొనగలడు. రెండవది నిజమైన మొత్తానికి దగ్గరగా ఉన్నందున ఎవరి కంటా పడక, సూత్రాన్ని కింది వరుసలకు నకలు చేసినప్పుడు వాటన్నిటికీ పాకుతుంది. బాణపు మీటకు ముందు ఎఫ్2 నొక్కి ఉంటే ఇది జరగదు. పొరపాటున నొక్కినచో ఎస్కేప్ మీటతో మొత్తం రద్దు చేసుకోవచ్చును.

నకలు చేసేటప్పుడు మరొక చిక్కు కలదు. తరువాతి వరుసలో జి1 కాస్తా జి2గా మారుతుంది. అది ఖాళీ గడి గనుక హమాలీ సున్నా అవుతుంది. కర్సరును జి1పై ఉంచి ఎఫ్4 నొక్కితే $జి$1గా స్థిరపడుతుంది.

చరిత్ర

1979లో ఆపిల్ 2 కంప్యూటరుకై వచ్చిన విసికాల్క్‌లోనే బాణాలతో గడిని చూపే పద్ధతి ఉన్నది. ఆ కంప్యూటరుకు కుడి, ఎడమ బాణాలు మాత్రమే ఉండేవి. పైకీ కిందికీ వెళ్ళుటకు స్పేస్ బార్‌తో దిశ మార్చుకొనేవారు. సవరణకు ఎఫ్2, స్థిరీకరణకు ఎఫ్4 అనే ఏర్పాటు 1983 నాటి లోటస్ 1-2-3లో ఉన్నది. 1987లో విండోస్‌కు వచ్చిన ఎక్సెల్ మీటల అలవాటు దీనినుండి వచ్చినదే.

ఇతర విషయాలు

ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, నేమ్ మేనేజర్ పెట్టెలలో సూత్రం దిద్దేటప్పుడు కూడా బాణం నొక్కగానే గడి పేర్లు చేరతాయి. అక్కడ కూడా ముందు ఎఫ్2 నొక్కవలెను. చాలా ల్యాప్‌టాపులలో ఎఫ్2తోపాటు ఎఫ్ఎన్ మీటను కలిపి నొక్కవలసి ఉంటుంది. మ్యాక్ ఎక్సెల్‌లో కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కినా గడి సవరణకు తెరుచుకుంటుంది.