యుద్ధం మిగిల్చిన తుపాకి మందు

అమెరికాలో జింక వేటకు వెళ్లేవాళ్లలో తూటాలు ఇంట్లోనే కట్టుకునేవాళ్లకు కొదవ లేదు. పేలిన తూటాలో ఖర్చయ్యేవి మూడే: అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, ముందుకు దూసుకుపోయే గుండు. ఇత్తడి గొట్టం చెక్కుచెదరకుండా మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ అదిమి, మందు తూచి పోసి, మూతికి కొత్త గుండు బిగిస్తే తూటా మళ్లీ సిద్ధం. ఈ పని చేసేవాళ్లు మందును ఒక పౌను డబ్బాల్లో కొనడం కన్నా ఎనిమిది పౌన్ల పెద్ద డబ్బాల్లో కొనడానికే మొగ్గు చూపుతారు. ఏడాది గ్రాసం బియ్యం ఒక్కసారే కొని పెట్టుకున్నట్టు, రెండు మూడేళ్లకు సరిపడా తెచ్చి పెట్టుకుంటారు. ఈ అలవాటు ఎక్కడిదని అడిగితే, అడవుల్లో తమ కాళ్ల మీద తాము నిలబడి బతికిన తొలితరం వలసదారుల నుంచి వచ్చిందని చెబుతారు. వినడానికి గొప్పగా ఉన్నా ఆ మాట చరిత్రకు నిలవదు. మందును బస్తాల లెక్కన ఇంటికి తెచ్చుకునే నేటి ఆచారం రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ప్రభుత్వ గిడ్డంగుల్లో పేరుకుపోయిన మిగులు సరుకు నుంచి పుట్టింది.

పాత కథను పూర్తిగా తోసిపుచ్చలేం. 1870ల్లో మైదాన ప్రాంతాల్లో అడవిదున్నలను వేటాడినవాళ్లు షార్ప్స్ రైఫిళ్లతో పాటు సీసం కడ్డీలు, మందు పీపాలు బళ్లకెత్తుకుని వెళ్లినమాట నిజం. రాత్రి నెగడు దగ్గర కూర్చుని మర్నాటికి తూటాలు తామే కట్టుకునేవాళ్లు. కానీ అది సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతరకం మందు. కొలత కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా ప్రమాదం ఉండేది కాదు. గొట్టంలో గుండు దిగేంత చోటు వదిలి నింపడమే లెక్క. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగరాని మందును తయారుచేయడంతో ఆ లోకం తలకిందులైంది. దూదిలాంటి పీచును నత్రికామ్లంలో నానబెట్టి తీసే ఈ మందు పాతదానికన్నా చాలా బలమైనది. అది ఎంత వేగంగా మండుతుందన్నది గింజ ఆకారం మీద, దానికి పూసిన పైపూత మీద ఆధారపడుతుంది. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాల్లో ఒకటి తుపాకిని సజావుగా పేలిస్తే, అదే కొలతలో మరొకటి తుపాకినే బద్దలు కొట్టగలదు. వేటగాడు కళ్లతో చూసి, చేత్తో తడిమి నేర్చుకున్న విద్య ఇక్కడ చెల్లదు. ఆ విధంగా ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తూటా కట్టే పని చాలావరకు ఫ్యాక్టరీల చేతుల్లోకి పోయింది. అడవిదున్నల వేటగాడికీ నేటి ఎనిమిది పౌన్ల డబ్బాకూ నడుమ ఈ పెద్ద తెంపు ఉంది. ఆ తెంపును లెక్కలోకి తీసుకోకుండా అల్లిన వారసత్వ కథను నమ్మలేం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. డ్యూపాంట్ కంపెనీ 1930ల్లోనే 3031, 4064, 4320 లాంటి రకాలను చిన్న డబ్బాల్లో అమ్మింది కదా, ఫిలిప్ షార్ప్ రాసిన పెద్ద మార్గదర్శక గ్రంథం 1937లోనే వచ్చింది కదా అని. నిజమే. తూటాలు ఇంట్లో కట్టే విద్య చచ్చిపోలేదు. గురి పోటీల వాళ్లు, పట్టుదల గల కొందరు వేటగాళ్లు దాన్ని బతికించారు. అయితే వాళ్లు కొన్నది డబ్బాల లెక్కన. మందును టన్నుల్లో తయారుచేయించుకున్నది సైన్యమే. ఒక సామాన్యుడు 150 పౌన్ల మందు తెప్పించుకోవాలంటే దానికి ముందు సైన్యం తన అవసరానికి మించి చేయించి ఉండాలి, యుద్ధం ఉన్నట్టుండి ఆగిపోవాలి, మిగిలిన సరుకును ఏం చేయాలో తోచక ప్రభుత్వం చవగ్గా వదిలించుకోవాలి. ఈ మూడూ కలిసొచ్చింది 1945 తర్వాతే.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇలాంటిదే ఒక ప్రయత్నం జరిగింది. దాన్ని గుర్తుచేసుకుంటే రెండోసారి ఏం మారిందో తెలుస్తుంది. 1918లో మిగిలిపోయిన పొగరాని మందుతో అమెరికా వ్యవసాయ శాఖ పైరోటాల్ అనే పేలుడు పదార్థం చేయించి, పొలాల్లో చెట్ల మోళ్లు పెకలించుకోవడానికి 1920ల్లో రైతులకు చవగ్గా ఇప్పించింది. ఇల్లినాయ్‌లోని వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త, నిల్వలో చెడిపోతున్న పాత ఫిరంగి మందును ఎలా బాగుచేయాలా అని తల బద్దలు కొట్టుకుంటూ, 1933లో గుండ్రటి పూసల్లాంటి కొత్తరకం మందును సాధించాడు. మందు చెడిపోవడమన్నది చిన్న సంగతి కాదు. పొగరాని మందు ఏళ్లు గడిచేకొద్దీ తనలో తానే విడిపోతూ ఆమ్లపు ఆవిర్లు విడుస్తుంది. వాటిని పీల్చుకోవడానికి కలిపే డైఫినైలమైన్ లాంటి పదార్థం అయిపోయిందంటే ఘాటైన వాసన వస్తుంది, డబ్బా లోపల తుప్పు లేస్తుంది, ఒక్కోసారి మందు తనంతట తానే అంటుకుంటుంది. 1907లో ఇయేనా, 1911లో లిబెర్తె అనే ఫ్రెంచి యుద్ధనౌకలు తూలోన్ రేవులో పేలిపోయి వందలమంది చనిపోవడానికి ఇలా చెడిన మందే కారణమని తేలింది. యుద్ధపు మిగులును గిడ్డంగిలో పెట్టి మరచిపోవడం ఏ ప్రభుత్వానికీ కుదరదు. తగలబెట్టాలి, లేదా అమ్మాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాన్సస్ రాష్ట్రంలో గ్యాస్ కంపెనీలో అమ్మకాల పని చేసుకునే బ్రూస్ హాజ్డన్ అనే మనిషికి ఈ రెండో దారి కనిపించింది. గరాండ్ రైఫిల్ తూటాల కోసం సైన్యం చేయించుకున్న 4895 రకం మందును 50,000 పౌన్లు కొన్నాడు. డబ్బు కోసం తన జీవిత బీమా పాలసీ మీద అప్పు చేశాడు. అంత సరుకు దాచడానికి చోటు కూడా లేదు. ఒక పాత రైలుపెట్టెను పచ్చికబీట్లోకి చేర్పించి అందులో నింపాడు. 'అమెరికన్ రైఫిల్‌మన్' పత్రికలో అంగుళం ప్రకటన వేశాడు. అప్పట్లో వచ్చిన ఆర్డర్లలో మామూలుగా ఉండేది 150 పౌన్లు, ఖరీదు 30 డాలర్లు, అంటే పౌను 20 సెంట్లు. ఇంట్లో పిల్లలు చెక్కపెట్టెలు కోసి బిగిస్తే సరుకు రవాణా బళ్లలో వెళ్లేది. 1952 నాటికి ఆయన గ్యాస్ కంపెనీ పని మానేసి పూర్తికాలం ఈ వ్యాపారంలోనే దిగాడు.

ఈ 150 పౌన్ల అంకె మీద కాసేపు ఆగాలి. నా వాదనంతా దీని మీదే ఆధారపడి ఉంది. పౌనుకు 7,000 గ్రెయిన్లు. జింక వేటకు వాడే ఓ మోస్తరు పెద్ద తూటాకు 50 గ్రెయిన్ల మందు పడుతుందనుకుంటే పౌనుకు 140 తూటాలు, 150 పౌన్లకు 21,000. వేటగాడు వేట కాలంలో నిజంగా పేల్చే తూటాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గురి సాధనతో కలిపి ఏడాదికి వంద అనుకున్నా, ఆ పెట్టె అయిపోవడానికి రెండు వందల పదేళ్లు పడుతుంది. ఏ వేటగాడి అవసరమూ ఇంత మందు అడగదు. అంత కొనిపించింది చవకదనమే. ఆ తర్వాత ఇంట్లో ఉన్న మందే కొత్త అవసరాన్ని కల్పించింది. సాధన పెరిగింది, రకరకాల గుండ్లు పరీక్షించడం పెరిగింది, స్నేహితులు కలిసి ఒక పెట్టె కొని పంచుకోవడం మొదలైంది. అచ్చులు, గుండ్లు అమ్మే వ్యాపారాలు కూడా 1940ల్లోనే వేళ్లూనుకున్నాయి. నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ 1949లో గుండ్ల కంపెనీ పెట్టాడు. ఇడాహోలో స్పియర్, కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అంతకుముందే మొదలుపెట్టినవాళ్లు. యుద్ధకాలంలో గుండ్లు దొరక్క వాళ్లు ఆ దారి పట్టారన్నది నిజమే. కానీ మందు పుష్కలంగా లేకపోతే వాళ్ల గుండ్లు కొనేవాళ్లు అంతమంది ఉండేవాళ్లా?

మిగులు సరుకు అలవాటుతో పాటు అభిరుచిని కూడా మలిచింది. 4831 అనే మందు 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల కోసం చేసింది, చాలా నెమ్మదిగా మండుతుంది. రైఫిల్ కోసం దాన్ని ఎవరూ అడగలేదు. హాజ్డన్ దాన్ని కూడా చవగ్గా అమ్మకానికి పెట్టాక, పెద్ద గొట్టంలో సన్నని గుండున్న తూటాలకు అది అతికినట్టు సరిపోయిందని తెలిసింది. 1925 నాటి .270 విన్‌చెస్టర్ తూటాకు ఈ మందే తగినదని, 'అవుట్‌డోర్ లైఫ్' పత్రికలో రాసే జాక్ ఓకానర్ ఏళ్ల తరబడి చాటాడు. అంతకుముందే నెమ్మదిగా మండే 4350 ఉంది కాబట్టి 4831 లేకపోయినా వేట ఆగేది కాదనవచ్చు. ఆగేది కాదు, ఒప్పుకుంటాను. కానీ కొండజింకల వేటగాళ్లు ఒక తరం పాటు తమ ఇష్టమందు అనుకున్నది నిజానికి విమానాలను కూల్చడానికి తయారైన సరుకు.

పెద్దమొత్తంలో కొనడానికి నేడు చెప్పే కారణం వేరు. అన్ని తూటాలూ ఒకే తయారీ వంతులోని మందుతో కడితే గురి నిలకడగా ఉంటుంది, వంతు మారితే వేగం కాస్త మారుతుంది అంటారు. ఇది పసలేని మాట కాదు. ఫ్యాక్టరీలు తమ తూటాల కోసం కొనే మందులో ప్రతి వంతుకూ తేడా ఉంటుంది, ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాకే కొలత నిర్ణయిస్తాయి. చిల్లరగా అమ్మే మందును మాత్రం పాత వంతులతో కలిపి ఎప్పుడూ ఒకే ప్రమాణానికి తెస్తారు. సైన్యపు మిగులు మొదటి రకానిది. అలాంటి మందు వాడేవాడికి వంతు మారిన ప్రతిసారీ తక్కువ కొలతతో మొదలుపెట్టి జాగ్రత్తగా పైకి పోవడం తప్ప వేరే దారి లేదు. ఒకే వంతు మందును ఎక్కువగా కొని పెట్టుకోవడం ఆ మిగులు సరుకు నేర్పిన జాగ్రత్త. చిల్లర డబ్బాల మందు నిలకడగా ఉండే ఈ రోజుల్లో ఆ జాగ్రత్త అవసరం బాగా తగ్గింది. ఇప్పుడు పెద్ద డబ్బాల వైపు మనసు లాగుతున్నది 2013లో, మళ్లీ 2020 తర్వాత అమెరికాలో వచ్చిన కొరతల భయమే. కొన్నేళ్లకు ఓసారి దుకాణాలు ఖాళీ అవుతుంటే నిల్వ పెట్టుకోవడం తప్పెలా అవుతుందని అడిగేవాళ్లకు నేను ఎదురు చెప్పను. అడవుల వారసత్వాన్ని ఇందులోకి లాగొద్దన్నదే నా మాట. ఇంట్లో మందు నిల్వ విషయంలో అగ్నిమాపక నియమావళి కూడా చాలా స్పష్టంగా ఉంది. అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంస్థ ప్రమాణం ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి 20 పౌన్ల వరకు అసలు డబ్బాల్లోనే ఉంచాలి. అంతకు మించి 50 పౌన్ల వరకైతే అంగుళం మందపు గోడలున్న చెక్కపెట్టెలో పెట్టాలి. ఆ లెక్కన 30 డాలర్ల పాత ఆర్డరు ఈనాడు ఏ ఇంట్లోనూ పట్టదు.

సైన్యపు మిగులు 1970ల మొదట్లో అడుగంటింది. అప్పటికే 4831 పేరుకు అంత గిరాకీ ఉండటంతో హాజ్డన్ కంపెనీ అదే అంకెతో కొత్తగా తయారైన మందును స్కాట్లాండ్ నుంచి తెప్పించింది, తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా నుంచి. డ్యూపాంట్ కూడా అదే అంకెతో తన మందును దుకాణాలకు పంపింది. పేరు ఒకటే, మండే వేగం మాత్రం వేరు. డ్యూపాంట్‌ది కాస్త వేగంగా మండుతుంది. అందుకే హాజ్డన్ మందుకు రాసిన కొలతలో దాన్ని పోస్తే ఒత్తిడి హద్దు దాటవచ్చు. మార్గదర్శక పుస్తకాల్లో ఈ రెండు 4831లకు ఈనాటికీ విడివిడి పట్టికలు వేస్తున్నారు.