బులెట్టు ముల్లు చెప్పే జబ్బు

పాత బులెట్ స్టార్ట్ అవ్వకపోతే షెడ్డుకి తోసుకుపోవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి దాని హెడ్‌లైట్ మీదే ఓ డాక్టరు ఉండేవాడు. అదే అమ్మీటర్.

ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఈ బండిని 1955 నుంచి మద్రాసులో బిగించారు. స్పార్కు సంగతికొస్తే, అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ 1910 క్యాడిలాక్ కారుకిచ్చిన పద్ధతే ఇందులోనూ: బ్యాటరీ, కాయిల్, సీబీ పాయింట్లు. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్లోకి కరెంటు, విడిపోగానే స్పార్కు.

తాళం తిప్పి కిక్కు మెల్లగా నొక్కితే అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలి, పాయింట్లు విడగానే మధ్యకొచ్చేది. అక్కడ డీకంప్రెసర్ లాగి, ఇంకాస్త నొక్కి వదిలి, అప్పుడు తన్నాలి. ముల్లు అసలు కదల్లేదా? బ్యాటరీయో, ఫ్యూజో, మసిపట్టిన పాయింట్లో చూసుకోవాలి. మైనస్ దగ్గరే ఉండిపోయిందా? పాయింట్లు తెరుచుకోవట్లేదు, లేదా కండెన్సర్ షార్టయింది. మా భాషలో చెప్పాలంటే పైసా ఖర్చులేని డీబగ్గర్ అన్నమాట!

తమాషా ఏంటంటే, 1912 మోడల్ క్యాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టర్ పెట్టిందీ ఆ కెటరింగే. ఆ సెల్ఫే తర్వాత బైకుల్లోకొచ్చి కిక్కుని మింగేసింది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక బులెట్‌కీ ఫ్యూయల్ ఇంజెక్షన్ తప్పలేదు. లోపాన్ని ఈసీయూ కోడ్‌గా దాచిపెడుతుంది, చదవడానికి స్కానర్ కావాలి. ముల్లు కంటే స్కానర్ చాలా ఎక్కువ చెబుతుంది, కాదనను. కానీ అది ఉండేది మెకానిక్ చేతిలో. ముల్లు నా కళ్ళముందే ఉండేది.

అన్నట్టు, పాత బులెట్ కొంటుంటే ముల్లు ఆడుతోందో లేదో చూసుకోండి. అమ్మీటర్ పోతే తీగలు నేరుగా కలిపేసేవాళ్ళున్నారు. బండి నడుస్తుంది గానీ, నోరుండదు.