పొత్తిళ్ళ నుండి కఫన్ దాకా

మనిషి ఈ లోకానికి రాగానే ఒంటిమీద పడేది గుడ్డ. పోయేటప్పుడు వెంట వచ్చేదీ గుడ్డే. పట్టు, జరీ, హోదా అన్నీ ఈ రెంటి నడుమ ముచ్చటే.

మన ఇళ్ళల్లో పురిటిబిడ్డకు సాధారణంగా కొత్తబట్ట వేయరు. నానీ గారి పాత నూలుచీర చింపి పొత్తిళ్ళు చేస్తారు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ మెత్తన, బిడ్డ ఒళ్ళు ఒరుసుకోదు. మన హిందూ సోదరుల ఇళ్ళల్లోనూ ఇదే పద్ధతి చూస్తున్నాము. సుమత్రా దీవిలోని బటక్ ప్రజలు ‘ఊలోస్’ అనే నేతబట్టను గర్భవతికి పుట్టింటివారిచేత కప్పిస్తారు. మనిషి చనిపోయినప్పుడూ ఊలోస్‌నే కప్పుతారు.

ఇక తుదిగుడ్డ సంగతి. క్రీ.శ. 632లో మహాప్రవక్త (స) వారి పవిత్ర దేహాన్ని యెమెన్ దేశపు మూడు తెల్లని నూలు వస్త్రాలలో చుట్టారు. అందులో చొక్కా లేదు, తలపాగా లేదు. 625లో ఉహద్ యుద్ధంలో హజ్రత్ ముస్‌అబ్ బిన్ ఉమైర్ (రజి) అమరులైనారు. మక్కాలో కలవారి బిడ్డగా ఖరీదైన దుస్తులు తొడిగిన ఆయనకు ఆనాడు దొరికింది ఒక్క దుప్పటి. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడ్డాయి. చివరకు తల కప్పి, పాదాలపై ఇజ్‌ఖిర్ గడ్డి వేశారు. 634లో హజ్రత్ అబూబక్ర్ (రజి) తాను కట్టిన పాతబట్టనే ఉతికి కఫన్‌లో వాడమన్నారు. కొత్తబట్ట బతికి ఉన్నవారికే ఎక్కువ అవసరమన్నారు.

యూదుల చరిత్రలోనూ ఇట్టి ఘట్టమే ఉన్నది. ఒకప్పుడు అంత్యక్రియల ఖర్చు చావుకన్నా భారమై, కొందరు శవాన్ని వదిలి పారిపోయేవారట. అప్పుడు రబ్బాన్ గమాలియేల్ అనే పెద్ద తనను సాదా నారబట్టలోనే సాగనంపమన్నారు. జనమంతా ఆ దారి పట్టారు. ఇంగ్లండులో కథ వేరు. ఉన్ని వ్యాపారం పెంచడానికి 1666లోనూ, మరింత గట్టిగా 1678లోనూ, శవాన్ని ఉన్నిబట్టలోనే పూడ్చాలని చట్టం చేశారు. తప్పితే 5 పౌన్ల జరిమానా. ధనవంతులు జరిమానా కట్టి తమకు నచ్చిన బట్టలే తొడిగించుకున్నారు! ఆ చట్టం 1814లో రద్దయింది.

కఫన్‌కు పురుషునికి మూడు, స్త్రీకి ఐదు గుడ్డలు చాలు. నవాబుకైనా, కూలివానికైనా అంతే. అయినా జనాజాపై చాదర్ల మీద చాదర్లు కప్పడం, దానికి అప్పులు చేయడం మన కళ్ళారా చూస్తున్నాము. అదే ఊళ్ళో మరో పేద ఇంట అర్ధరాత్రి చావు జరిగితే, తెల్లగుడ్డ కోసం తలుపులు తట్టవలసి వస్తోంది. దూది ఏకిన చేతులు మనవాళ్ళవి. మనలో ఒకరికి గుడ్డ కరువు కారాదు.

ప్రతి మొహల్లాలో నాలుగు కఫన్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుదాం. చాదర్ డబ్బు అందుకు ఇద్దాం. ఎవరికి కావాలన్నా పేరు అడగకుండా అందిద్దాం. పొత్తిళ్ళు పాతవైనా సిగ్గుపడని మనం, కఫన్ సాదాదైనందుకు సిగ్గుపడటమెందుకు?