మరపును కొలిచిన ఎబ్బింగ్‌హౌస్

జ్ఞాపకశక్తిని గురించి తత్త్వవేత్తలు రెండువేల సంవత్సరములకు పైగా చర్చించిరి. కాని నేర్చిన విషయము మనస్సున ఎంతకాలము నిలుచునో, ఎంత వేగముగా చెరగిపోవునో కొలిచి చూచినవారు లేరు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున మనస్తత్వ ప్రయోగశాలను నెలకొల్పిన విల్‌హెల్మ్ వుంట్ సైతము స్మృతి, ఆలోచన వంటి ఉన్నత వ్యాపారములు ప్రయోగమునకు లొంగవని తలచెను. సరిగా ఆ కాలముననే, ప్రయోగశాల గాని సహాయకులు గాని లేని ఒక యువకుడు ఆ పనికి పూనుకొనెను. అతడే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్.

ఎబ్బింగ్‌హౌస్ 1850లో జర్మనీలోని బార్మెన్ పట్టణమున జన్మించెను. 1873లో బాన్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొంది, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో కొంతకాలము పాఠములు చెప్పెను. ఆ దినములలో ఫెక్నర్ అను శాస్త్రజ్ఞుడు 1860లో ప్రకటించిన గ్రంథము ఆయన కంటబడెను. బరువు, వెలుతురు వంటివాని అనుభూతిని గణితముతో కొలువవచ్చునని ఫెక్నర్ చూపియుండెను. అనుభూతిని కొలువగలిగినపుడు స్మృతిని ఏల కొలువరాదు? ఇదియే ఎబ్బింగ్‌హౌస్ వేసికొనిన ప్రశ్న.

కొలుచుటకు మొదట తగిన సామగ్రి కావలెను. పద్యమునో పాఠమునో తీసికొన్నచో, పూర్వపరిచయము కొన్నిచోట్ల తోడ్పడును, కొన్నిచోట్ల అడ్డువచ్చును. అందుచే ఆయన రెండు హల్లుల నడుమ ఒక అచ్చు నుంచి, 'జుప్', 'తిఫ్' వంటి అర్థరహిత పదములను సుమారు 2,300 కల్పించెను. వానిని వరుసలుగా కూర్చి, గడియారపు టిక్కుల కనుగుణముగా ఒకే వేగమున చదివి కంఠస్థము చేసెను. నేర్చినవాడును, పరీక్షించినవాడును ఆయనయే! 1879-80లో చేసిన ప్రయోగములను 1883-84లో తిరిగి చేసి సరిచూచుకొనెను.

మరచినదానిని కొలుచుటెట్లు? ఆయన ఉపాయము సులభమైనది. ఒక వరుసను మొదట నేర్చుటకు 1,000 సెకండ్లు పట్టినదనుకొందము. కొంతకాలమైన పిదప దానినే మరల నేర్చుటకు 600 సెకండ్లు చాలినచో, 400 సెకండ్లు, అనగా నూటికి 40 వంతుల శ్రమ మిగిలినది. ఆ మిగులే స్మృతికి కొలత. దీనికే పొదుపు పద్ధతి అని పేరు.

ఫలితములు ఆశ్చర్యకరములు. 20 నిమిషములకు మిగులు నూటికి 58 మాత్రమే. ఒక గంటకు 44. ఒక దినమునకు 34. ఆరు దినములకు 25. 31 దినములకు 21. అనగా మరపు మొదటి గంటలోనే ఉద్ధృతముగా సాగి, పిదప క్రమముగా మందగించును. ఇదియే విస్మృతి వక్రరేఖ.

విద్యార్థులకు ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. 12 పదముల వరుసను ముందటి ఒక్కనాడే 68 సార్లు చదివిన ఫలము, మూడు దినములకు పంచి 38 సార్లు చదువుటచే లభించెను. పరీక్ష ముందటి రాత్రి పడు పాటు వ్యర్థము కాదు గాని, అదే శ్రమను దినములకు పంచినచో ఎక్కువ ఫలించునని దీని తాత్పర్యము. అర్థమునకు గల బలమును కూడ ఆయన కొలిచెను. బైరన్ కవి పద్యములను నేర్చుటకు, అంతే పొడవుగల అర్థరహిత పదములకు పట్టు శ్రమలో సుమారు పదవవంతు చాలెను.

ఈ ఫలితములను ఆయన 1885లో గ్రంథముగా ప్రకటించెను. ఒక్క మనిషిపై చేసిన ప్రయోగము అందరికిని చెల్లునా అను సందేహము సహజమే. నిత్యజీవితమున మనము నేర్చునవి అర్థరహిత పదములును కావు. అయినను 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అదే పద్ధతిని తిరిగి అనుసరింపగా, దాదాపు అదే వక్రరేఖ లభించెను.

ఎబ్బింగ్‌హౌస్ 1909లో మరణించెను. మనస్తత్వశాస్త్రము మొదట చదువు విద్యార్థులు నేడును ఆయన వక్రరేఖను పరీక్షకై కంఠస్థము చేయుచున్నారు. దానిని మరచినవాడు తన బుద్ధిమాంద్యమునకు చింతింప నక్కరలేదు. మరునాడు మరియొక మారు చదివిన చాలును. ఆ వక్రరేఖ నేర్పు పాఠము అదియే.