జహనుమాలో మూడు బంతులు

జహనుమాలో ఉండే ఒక స్నేహితుడి ఇంటికి వెళ్తే, వాళ్ల తమ్ముడు కాలికి బ్రేస్ కట్టుకుని మంచం మీద కూచుని, నోట్లో గొట్టం పెట్టుకుని గాలి లాగుతున్నాడు. చేతిలోని ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తున్నాయి. ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాడు, మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషనై మూడు వారాలు. ఆ డబ్బా కోవిడ్ రోజుల్లో వాళ్ల దాదా కోసం కొన్నది. దాదా వెళ్లిపోయాడు, డబ్బా అటక మీద మిగిలింది. "తెగింది మోకాలు కదా, ఊపిరితిత్తులకేమైంది?" అని వాళ్లమ్మ విసుక్కుంటోంది. "మోకాలంటే పండుకున్నది, ఊపిరి ఎందుకు పండుకోవాలె అమ్మీ?" అన్నాడు వాడు.

ఆవిడ ప్రశ్న చిన్నదేం కాదు. వైద్యులు దాని చుట్టూ చాలాకాలం తిరిగారు. అందులో ఒక అధ్యాయం ఈ ఊళ్లోనే, ఆ బస్తీకి ఆ పేరొచ్చిన కాలంలోనే జరిగింది.

జహాన్‌నుమా అంటే లోకాన్ని చూపేది. పాయిగా అమీరు సర్ ఆస్మాన్ జా కట్టించుకున్న మహలు పేరే బస్తీ పేరైంది. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర దివానుగా ఉన్న రోజుల్లో, 1888లో ఒకసారి, 1889లో మరోసారి, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. క్లోరోఫామ్ వాడకం 1847లో మొదలైంది. మూడు నెలలు తిరక్కుండానే ఇంగ్లండులో పదిహేనేళ్ల అమ్మాయి, కాలి గోరు తీయించుకోబోయి, ఆ మత్తులోనే చనిపోయింది. ప్రాణం ఎక్కడ పోతోంది, గుండెలోనా ఊపిరిలోనా? లండను వైద్యులు గుండె అన్నారు, నాడి పట్టుకుని కూచోమన్నారు. హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ ఎడింబరో శిష్యుడు. నాడి జోలికి పోవద్దు, ఊపిరినే చూడమని విద్యార్థులకు నేర్పాడు. మొదటి కమిషన్ ఫలితాన్ని లండను నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌన్లిచ్చి, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ని హైదరాబాదుకి రప్పించాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు (ఆ లెక్కలు చదవడం సుఖంగా ఉండదు). గుండె మీద అనుమానంతో వచ్చిన బ్రంటన్, ముందు ఆగేది ఊపిరేనని లారీతో గొంతు కలిపాడు. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్తీషియా వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నది ఈ స్కూల్లోనే.

ఇక్కడ ఆగి జబ్బలు చరుచుకోవాలనిపిస్తుంది. ఆగుదాం. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో కూడా గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోగలదని తేలింది. అంటే లారీ పంతం సగమే నిజం. ఊపిరిని చూడమన్నది మంచి మాట, నాడిని వదిలేయమన్నది ప్రమాదకరమైన మాట. అయినా ఊపిరిని ఒక పనిగా, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పనిగా చూడడం ఆ గొడవలో గట్టిపడింది.

లారీకి ఊపిరి ఆగకుండా ఉంటే చాలు. దాన్ని పెంచడం వేరే సంగతి, అది తాలీంఖానాల్లోనూ సర్కస్ డేరాల్లోనూ నడిచింది. పాతబస్తీ పహిల్వాన్ల భాషలో 'దమ్' అంటే ఊపిరీ అదే, ఓపికా అదే. ఫారసీ నుంచి వచ్చి తెలుగులో 'దమ్ముందా?' అయ్యేసరికి ధైర్యం కూడా చేరింది. (సిగరెట్టుకీ బిర్యానీకీ కూడా అదే మాట. దాన్ని ఇంకో వ్యాసానికి వదిలేస్తాను.)

తెలుగునాట దమ్ము అంటే కోడి రామ్మూర్తి నాయుడే. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టాడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, గాలి పీల్చి తెంచేవాడు. పలక పరిపించుకుని గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకునేవాడు. ప్రాణాయామ బలం అని జనం చెప్పుకున్నారు. శరీరం లెక్కలో చూస్తే, నిండా గాలి పీల్చి గొంతు మూసి బిగిస్తే మొండెం గట్టి స్తంభమవుతుంది. ఇవాళ వెయిట్‌లిఫ్టర్లు బరువెత్తే ముందు చేసేది అదే. చివరి రోజుల్లో ఆయన కాలు పాడై తీసేయాల్సి వచ్చిందనీ, క్లోరోఫామ్ వద్దని ప్రాణాయామంతోనే ఆ నొప్పి భరించాడనీ కథ ఉంది. 1942లో ఒరిస్సాలోని బలాంగీర్‌లో పోయాడు. ఆ కథ ఎంత నిజమో గానీ, అది చెప్పేవాళ్ల గొంతు చూడండి. గాయపడ్డ మల్లుడికి మిగిలిన ఆస్తి ఊపిరే అన్న నమ్మకం అందులో ఉంది. పరాక్రమం సంగతే గుర్తుపెట్టుకున్నాం, రోజువారీ సాధన సంగతి వదిలేశాం.

ఆ సాధనను ఆసుపత్రికి తెచ్చింది యుద్ధం. 1915లో అదే లాన్సెట్‌లో, మాక్‌మహన్ అనే ఆయన ఊపిరితిత్తుల్లో, డయాఫ్రమ్‌లో గాయాలైన సైనికులకు ఊపిరి కసరత్తుల గురించి రాశాడు. డయాఫ్రమ్ అంటే మనం బళ్లో 'ఉదరవితానం' అని బట్టీపట్టిన పొర. పొర అనేసరికి అదో గుడ్డ అనుకుంటాం, కానీ అది కండరం. మిగతా కండరాల్లాగే బరువిస్తే బలపడుతుందని 1976లో లీత్, బ్రాడ్లీ అనే ఇద్దరు చూపించారు. ఐదు వారాల సాధనతో గాలి లాగే, వదిలే బలం సగానికి పైగా పెరిగింది.

అయితే మోకాలికేమిటి? 1997లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో డెంప్సీ బృందం సైకిలు తొక్కేవాళ్లను పరీక్షించింది. ఊపిరి పీల్చడం కష్టం చేస్తే కాళ్లకు రక్తం తగ్గింది, సులువు చేస్తే పెరిగింది. గట్టిగా పరిగెత్తేటప్పుడు ఒంటికి అందే ప్రాణవాయువులో పదో వంతో, అంతకు కొంచెం పైనో ఊపిరి కండరాలే తినేస్తాయి. అవి అలిసిపోతే నరాలు కాళ్లలో రక్తనాళాలను బిగిస్తాయి. ఇంట్లో ఇద్దరు పనివాళ్లుండి అన్నం ఒక్కరికే సరిపడా ఉన్నట్టు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో హాడ్జెస్ ఇంకొకటి గమనించాడు: చెయ్యి ఎత్తబోయే క్షణానికి ముందే డయాఫ్రమ్ బిగుసుకుంటోంది. అంటే అది నడుమును నిలబెట్టే పని కూడా చేస్తోంది. రామ్మూర్తి గొలుసు దగ్గర చూసింది దీనికి పెద్దన్నే.

నెలల తరబడి మంచం పట్టిన ఆటగాడికి మోకాలు అతికినా దమ్ము తగ్గి ఉంటుంది. కాలు కదలకపోయినా చేయగల కసరత్తు ఇదొక్కటే కాదు గానీ, ఇది మాత్రం మోకాలిని అడక్కుండా చేసుకోవచ్చు. పద్ధతి మామూలే. గాలి లాగేటప్పుడు స్ప్రింగు వాల్వు అడ్డుపడే చిన్న పరికరం, గరిష్ఠ బలంలో దాదాపు సగం బరువు, పూటకు ముప్పై శ్వాసలు, రోజుకు రెండు పూటలు, ఒక నెలో నెలన్నరో. పక్కటెముక విరిగినవాళ్లూ, ఊపిరితిత్తి కూలినవాళ్లూ డాక్టరు చెప్పకుండా ముట్టకూడదు. దీనివల్ల ఆయాసం తగ్గుతుంది, కొన్ని ఆటల్లో ఓర్పు కొంచెం పెరుగుతుంది. గరిష్ఠంగా ప్రాణవాయువు వాడుకునే శక్తి మాత్రం పెద్దగా మారదు. తెగిన లిగమెంటు అతకడానికి దీనితో సంబంధం లేదు. అంతకంటే ఎక్కువ చెప్పి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల దగ్గర లారీ పంతం ఉంది, లారీ ఓపిక లేదు.

మూడు బంతుల డబ్బా కూడా ఆ పరికరం కాదు. అది లోతుగా గాలి పీల్చడం అలవాటు చేస్తుంది, ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తుల మూలలు ముడుచుకోకుండా చూస్తుంది. కండరానికి బరువివ్వదు. ఈ మాట తమ్ముడికి చెబుతుంటే నాకే ఇబ్బందిగా అనిపించింది. అసలు పరికరం ఆ ఇంట్లో తేలిగ్గా కొనే వస్తువు కాదు. ఇక్కడ మోకాలు తెగితే ఆట అయిపోయినట్టే, ఫిజియో దగ్గరికి నాలుగోసారి వెళ్లేవాడే అరుదు. వాడు మాత్రం నవ్వి, "దాదా డబ్బా గద, పోనీ అన్నా" అన్నాడు.

రెండో నెలలో మళ్లీ వెళ్లాను. ఎవరో సీనియర్ ప్లేయర్ వాడిన వాల్వు పరికరం తెచ్చిచ్చాడట, నోటి గొట్టం మాత్రం కొత్తది కొన్నారు. వాడు లాగుతున్నాడు, పక్కన వాళ్లమ్మ తస్బీహ్ పట్టుకుని లెక్కపెడుతోంది. ముప్పై చాలని ఫిజియో చెప్పాడు. తస్బీహ్‌లో ముప్పై మూడు పూసలున్నాయి కాబట్టి, పూటకు మూడు ఎక్కువే లాగిస్తోందని వాడి ఫిర్యాదు.